దాహం లేని పిల్ల

ఆ వేసవిలో మా సెక్షన్ మొత్తానికి చెడు అలవాట్లు లేనిదాన్ని నేనొక్కదాన్నేనని కాగితం మీద తేలింది.

కాగితం తెచ్చింది నర్సు. వృత్తి శిక్షణ పొందే పిల్లల అలవాట్లు మార్చాలని పైనుంచి ఏదో కార్యక్రమం వచ్చిందట. పది వారాలపాటు ప్రతి సోమవారం ఆమె మా వెల్డింగ్ షెడ్డుకి వస్తుంది. మొదటి సోమవారం అందరికీ తలా ఒక ఫారం పంచింది. సిగరెట్ తాగుతావా? పొగాకు నములుతావా? పొద్దున ఏమీ తినకుండా వస్తావా? పడుకున్నాక ఫోన్ చూస్తావా? అలా పదిహేడు ప్రశ్నలు. నేను పదిహేడింటికీ 'లేదు' పక్కన టిక్కు పెట్టాను. వాటిలో ఒక్క అబద్ధం కూడా లేదు.

నర్సు ఫారాలన్నీ తిరగేసి నా దాని దగ్గర ఆగింది. "ఇరవై రెండు మందిలో ఒక్కళ్ళు! ఒక్కళ్ళున్నారు నాయనా బుద్ధిమంతులు," అంటూ నా చొక్కాకి ఒక ప్లాస్టిక్ బిళ్ళ గుచ్చింది. దాని మీద 'ఆరోగ్య నాయకురాలు' అని ఉంది. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. చేతులకి తోలు గ్లవ్స్ ఉండటంవల్ల ఆ చప్పట్లు దుప్పటి దులిపినట్టు వినిపించాయి.

ఆ రోజునుంచి నాకొక పని పడింది. గోడకి తగిలించిన చార్టులో ఒక్కొక్కరి పేరు ఎదురుగా నిన్న తాగిన సిగరెట్ల సంఖ్య వేయాలి. ఒక్కొక్కరు వెల్డింగ్ చేసుకునే చిన్న గదిని బూత్ అంటారు, పొద్దున్నే వరసగా ఒక్కో బూత్ దగ్గర ఆగి అడిగేదాన్ని. వాళ్ళు ఒక అంకె చెప్పేవారు. అంతకుముందు నాలుగు నెలల్లో వాళ్ళకీ నాకూ మధ్య ఆపాటి మాటలు కూడా లేవు కాబట్టి, నిజం చెప్పాలంటే నాకది బాగానే ఉండేది.

"ఎన్ని?"

"రెండు."

"నిజంగా రెండేనా?"

"మూడోది కలలో తాగాను లీడరమ్మా. అది కూడా వేసుకుంటావా?"

అలా అన్నతన్ని అందరూ పొగగొట్టం అని పిలిచేవారు. షెడ్డులో చివరి బూత్ అతనిది. ఆ రెండు చాలా తర్వాతి మాట, మొదటి రోజు చార్టులో అతని పేరు ఎదురుగా నేను వేసిన అంకె పద్నాలుగు.

*

సెక్షన్‌లో ఆడపిల్లని నేనొక్కదాన్నే. కుట్టుపని నేర్చుకునే అమ్మాయిలది వీధికి అవతల వేరే భవనం. మా ఆవరణలో ఆడవాళ్ళ బాత్రూమ్ ఆఫీసు వెనకాల ఉండేది. దానికి తాళం. తాళంచెవి గుమాస్తా దగ్గర. ఇంతకుముందు ఎవరో తాళంచెవి పోగొట్టారని ఆయన దానికి మోచెయ్యంత చెక్క ఒకటి కట్టించాడు. షెడ్డునుంచి ఆఫీసుకి నూట పన్నెండు అడుగులు. మధ్యలో చెట్టు లేదు, చాటు లేదు. ఆ చెక్క చేత్తో పట్టుకుని నడుస్తుంటే ఎక్కడికి వెళుతున్నానో ఆవరణలో అందరికీ తెలిసిపోతుంది.

నేను చేరిన మొదటి వారంలో ఒక్కసారి వెళ్ళాను.

"ఒరేయ్, బ్యాటింగ్‌కి దిగిందిరోయ్!" అని షెడ్డు వెనక గోడ దగ్గరనుంచి ఎవరో అరిచారు. తిరిగి వస్తుంటే, "స్కోరెంత?" అన్నారు ఇంకొకరు. అందరూ నవ్వారు. పెద్ద దుర్మార్గమేమీ కాదు, పద్దెనిమిదేళ్ళవాళ్ళు నవ్వే నవ్వే. కానీ ఆ రోజు తర్వాత నేను ఆ చెక్కని ముట్టుకోలేదు.

ముట్టుకోకుండా ఎలా ఉండాలో నాకు ముందే తెలుసు. అమ్మ నేర్పింది.

అమ్మ సిటీ బస్సులో కండక్టర్. ఇంట్లో మేమిద్దరమే. తెల్లవారుజామున అరగ్లాసు టీ తాగి డ్యూటీకి వెళితే, మళ్ళీ సాయంత్రం ఇంటికొచ్చేదాకా ఆమె గొంతులో చుక్క పడేది కాదు. రూటు చివర మగవాళ్ళకి ఒక గోడ ఉంది. ఆమెకి ఏమీ లేదు. డ్యూటీ దిగి వచ్చాక పాదాలు ఉబ్బి చెప్పులు ఊడొచ్చేవి కావు. రెండు మూడు నెలలకోసారి వణుకుతో జ్వరం వచ్చేది. "ఏం లేదే, వేడి చేసింది," అనేది. ఆ మాటతో జ్వరం అక్కడికి ముగిసిపోయినట్టే.

"దాహం వేస్తే ఏం చేస్తావమ్మా?" అని శిక్షణలో చేరేముందు అడిగాను.

"ఉమ్మి మింగి పది లెక్కపెట్టు, పోతుంది. మళ్ళీ వేస్తే మళ్ళీ లెక్కపెట్టు. మధ్యాహ్నం దాటితే అదే విసుగుపుట్టి అడగడం మానేస్తుంది. చిన్నపిల్లల్లాగే."

ఆమె దాన్ని ఒక నేర్పుగా చెప్పింది. నేనూ నేర్పుగానే నేర్చుకున్నాను. వారం తిరిగేసరికి మధ్యాహ్నానికి దాహం నిజంగానే నోరు మూసుకునేది. నాకు దానివల్ల లోపల ఒక గర్వం ఉండేది. చుట్టూ ఇరవై ఒక్కమంది ఏదో ఒకదానికోసం చెయ్యి చాస్తూ ఉంటారు, సిగరెట్టుకో, కూల్‌డ్రింకుకో, పక్కవాడి టిఫిన్ డబ్బాకో. నా శరీరం మాత్రం ఎవరినీ ఏమీ అడగదు. నేను ఒంటరిదాన్నని అప్పట్లో అనుకోలేదు. అవసరాలు తక్కువ ఉన్న మనిషిని అనుకున్నాను. ఆ రెండింటికీ తేడా తెలియడానికి చాలాకాలం పడుతుంది.

వెల్డింగ్ అలాంటి మనిషికి సరిపోయే పని. మాస్కు దించితే నల్లద్దం వెనక లోకమంతా మాయమై గోరంత వెలుతురు ఒకటి మిగులుతుంది. ఆ వెలుతురులో కరిగే ఇనుము తప్ప ఇంకేమీ ఉండదు. రాడ్ తర్వాత రాడ్ మార్చుకుంటూ మూడేసి గంటలు లేవకుండా కూర్చునేదాన్ని. మాకు పని నేర్పే సార్ నా బూత్ ముందు ఆగి కుర్రాళ్ళని పిలిచేవారు.

"చూడండ్రా. పొద్దున్నుంచి ఈ పిల్ల కదిలిందా? మీరు అరగంటకోసారి పొగకి, పావుగంటకోసారి నీళ్ళకి. ఈ పిల్లకి దాహమే లేదు. అందుకే అతుకు అంత బాగా వస్తోంది. పరీక్షరోజు కంపెనీవాళ్ళు ఇలాంటివాళ్ళనే ఎత్తుకుపోతారు."

వేసవి చివర పరీక్ష. పైపు అతుకు, మూడు గంటలు. అందులో బాగా చేసినవాళ్ళని ఒక కంపెనీ నేరుగా ఉద్యోగంలోకి తీసుకుంటుంది. నా పేరు ఆ జాబితాలో మొదట ఉంటుందని సార్ అనేవారు. అమ్మ ఆ మాట డ్రైవర్‌తో, డిపోలో తోటి కండక్టర్లతో, రోజూ ఎక్కే ప్రయాణికులతో కూడా చెప్పేసింది.

*

ఎండలు ముదిరాయి. షెడ్డు రేకులకింద తోలు ఏప్రన్ వేసుకుంటే ఒంట్లో నీరంతా చెమటగానే పోయేది. అందుకే ఇంకేం కావాలి అనుకునేదాన్ని. సాయంత్రం ఇంటికెళ్ళాక బాత్రూమ్‌లో మంట పుట్టేది. వేడి చేసింది అనుకునేదాన్ని, అమ్మ గొంతుతోనే.

చార్టులో అంకెలు మాత్రం తగ్గుతున్నాయి. విచిత్రమేమిటంటే అందరికంటే ఎక్కువ తగ్గించింది పొగగొట్టం. పద్నాలుగు తొమ్మిదైంది, తర్వాత ఐదు, ఐదో వారానికి రెండు. ఇనుము మీద గీత గీసే సుద్దముక్క ఒకటి ఎప్పుడూ పెదాల మధ్య పెట్టుకునేవాడు. పెదాలు తెల్లగా అయిపోయేవి.

"పాలు తాగే పిల్లాడిలా ఉన్నావురా," అని మిగతావాళ్ళు ఏడిపించేవారు.

"పాలే తాగుతున్నాను. నీకేమైనా బాధా?" అనేవాడు.

విరామంలో మాత్రం అలవాటుకొద్దీ షెడ్డు వెనక గోడ దగ్గరకే వెళ్ళి, తాగకుండా ఊరికే నిలబడేవాడు.

ఐదో వారంలో శనివారం పొద్దున అతని బూత్ దగ్గర ఆగాను.

"ఎన్ని?"

"రెండు." తర్వాత సుద్దముక్క చేతిలోకి తీసుకుని, గొంతు తగ్గించి, "నిన్నొకటి అడగనా?" అన్నాడు.

"అడుగు."

"ఆ గోడ దగ్గర నిలబడితే ఆఫీసుకి వెళ్ళే దారంతా కనిపిస్తుంది. ఐదు నెలలనుంచీ రోజుకి పదిసార్లు నిలబడ్డాను అక్కడ. మొదటి వారంలో తప్ప నువ్వు మళ్ళీ ఒక్కసారీ వెళ్ళలేదు." సుద్దముక్కతో నా బూత్ వైపు చూపించాడు. "నీ బాటిల్ కూడా చూశాను. పొద్దున ఎంత ఉంటుందో సాయంత్రం అంతే ఉంటుంది. చార్టులో అందరి పేర్లూ ఉన్నాయి గానీ నీ పేరు లేదేం లీడరమ్మా?"

అతని ముఖంలో వెటకారం లేదు. ఉంటే బాగుండేది, దానికి ఎలా ముఖం పెట్టాలో నాకు తెలుసు. ఒక మనిషి నన్ను ఐదు నెలలుగా గమనించాడు, గమనించినదాన్ని మెల్లగా నా ఎదుటే చెప్పాడు. నాకు కలిగింది కృతజ్ఞత కాదు. బట్టలు మార్చుకుంటుంటే ఎవరో తలుపు తోసినట్టయింది.

చార్టు దగ్గరికి వెళ్ళి అతని పేరు ఎదురుగా పదకొండు అని వేశాను.

ఆదివారం దాటి సోమవారం వచ్చింది. నర్సు చార్టు చూసి ముక్కు మీద వేలేసుకుంది. "ఏం నాయనా, అంతా బూడిదలో పోసినట్టేనా? ఐదు వారాల కష్టం ఒక్కరోజులో ఊదేశావా?" అని అందరి ముందూ దులిపింది. పొగగొట్టం చార్టువైపు చూశాడు, తర్వాత నావైపు చూశాడు. తను చెప్పింది రెండేనని ఒక్కమాట అని ఉంటే చాలు, నా బిళ్ళ ఆ క్షణమే ఊడిపోయేది. అతను సుద్దముక్క నేలమీద పడేసి తన బూత్‌లోకి వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం గోడ వెనకనుంచి పొగ లేచింది. నేను మాస్కు దించుకున్నాను.

*

రెండు రోజుల తర్వాత నడుములో ఎడమపక్క నొప్పి మొదలైంది. గ్రైండర్ పట్టుకుంటే చేతులు వణికాయి. ఇంటికి ఎలా వెళ్ళానో సరిగా గుర్తులేదు. మూడు దుప్పట్లకింద పళ్ళు టకటకలాడుతుంటే అమ్మ నుదురు పట్టుకుని చూసి, "వేడి చేసింది," అంది. తెల్లారేసరికి వాంతులు. అప్పుడు ఆటో పిలిచింది.

ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉన్నాను. డాక్టరమ్మ పొట్టి మనిషి, తొందరతొందరగా మాట్లాడేది.

"రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతావు?"

"సాయంత్రం తాగుతానండీ."

"సాయంత్రం సరే. పగలు?"

నేను దుప్పటి అంచు సరిచేసుకున్నాను.

"మూత్రం ఉగ్గబట్టుకుంటావా?"

అడిగితే సమాధానం ఇంత తేలిక. అమ్మవైపు చూశాను. అమ్మ సెలైన్ సీసాలో బుడగలు చూస్తోంది.

"కిడ్నీ దాకా పాకింది," అంది డాక్టరమ్మ. "ఈసారికి తగ్గుతుంది. మళ్ళీ ఇలాగే చేస్తే మళ్ళీ వస్తుంది. అలా వచ్చినప్పుడల్లా కిడ్నీ కొంచెం కొంచెం పాడవుతుంది, పాడైంది తిరిగి రాదు. రోజుకి మూడు లీటర్లు. రెండు గంటలకోసారి వెళ్ళాలి. వచ్చినా రాకపోయినా వెళ్ళాలి."

"అంతంత మాటలెందుకండీ," అంది అమ్మ. "ఇరవై ఏళ్ళనుంచి నేనూ అంతే. నాకేం కాలేదు. పనిచేసే ఆడవాళ్ళకి ఇదంతా మామూలే."

డాక్టరమ్మ అమ్మ ముఖం చూడలేదు, కిందికి చూసింది. చెప్పుల పట్టీలు కోసుకుపోయిన గుర్తులు ఉబ్బిన పాదాల మీద ఎర్రగా ఉన్నాయి. "మీరు కూడా ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి," అంది.

"నాకెందుకు? డ్యూటీ ఉంది," అంది అమ్మ.

ఆమె వెళ్ళిపోయాక అమ్మ చాలాసేపు మంచం అంచున కూర్చుంది. అమ్మ ఇచ్చినవాటిలో నేను బాగా దాచుకున్నది ఇదొక్కటే. దాన్నే ఇప్పుడు జబ్బు అంటున్నారు. ఆ మాట ఇద్దరిలో ఎవరు ముందు అనాలో మాకు తెలియలేదు.

*

తిరిగి వెళ్ళేసరికి పరీక్షకి మూడు వారాలుంది.

నర్సుకి జరిగిందంతా చెప్పాను. ఆమె ఫారం తీసి పైనుంచి కిందదాకా వేలితో చూసుకుంది. "ఆ ప్రశ్న ఇందులో లేదమ్మా," అంది, తప్పు ఎవరిదో తెలియని గొంతుతో. బిళ్ళ వెనక్కి ఇచ్చేశాను. ఆమె దాన్ని సంచిలో వేసుకుని, నా భుజం తట్టింది.

పది గంటలకి ఆఫీసుకి వెళ్ళాను. గుమాస్తా కళ్ళద్దాల మీదనుంచి చూశాడు.

"ఏం కావాలమ్మా?"

"తాళంచెవి కావాలండీ."

"ఏ తాళంచెవి?"

"బాత్రూమ్‌ది."

ఆయన చెక్క తీసి దుమ్ము ఊదాడు. దాని మీద సాలెగూడు కట్టి ఉంది. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మరి ఇన్నాళ్ళూ ఎక్కడికి వెళ్ళేదానివి తల్లీ?"

"ఎక్కడికీ వెళ్ళేదాన్ని కాదండీ."

గోడ దగ్గర ఆరుగురున్నారు. "ఒరేయ్, చాలాకాలానికి టీమ్‌లోకి వచ్చిందిరా!" "ఫామ్‌లో ఉందా?" చెక్క చీరుకుని అరచేతిలో ఒక పేడు గుచ్చుకుంది. అడుగులు లెక్కపెట్టుకున్నాను. పన్నెండింటికి మళ్ళీ. రెండింటికి మళ్ళీ. నాలుగింటికి మళ్ళీ. మర్నాడూ అంతే. ఐదో రోజుకి ఒక్కడే అరిచాడు, మిగతావాళ్ళు తలెత్తలేదు. ఎగతాళికి కూడా ఓపిక కావాలి. పదో రోజుకి నేను ఆ దారిలో వెళ్ళే ఒక మనిషిని, అంతే. ఇన్ని నెలలు నేను దేనికి భయపడ్డానో దాని ఆయుష్షు మొత్తం తొమ్మిది రోజులు.

పొగగొట్టం మొదటి రోజునుంచీ అరవలేదు. నన్ను చూస్తే గోడవైపు తిరిగి నిలబడేవాడు.

ఒకరోజు అతని బూత్ దగ్గరికి వెళ్ళాను. అతుకు మీద పేరుకున్న స్లాగ్ పెచ్చుల్ని సుత్తితో కొట్టుకుంటున్నాడు.

"ఆ పదకొండు నేను కావాలని వేశాను. నువ్వు రెండే చెప్పావు. నర్సుకి చెబుతాను."

సుత్తి ఆపలేదు. "ఇప్పుడెందుకు లీడరమ్మా. నిన్న నిజంగానే పదకొండు తాగాను."

ఇంకేదైనా అంటాడేమోనని నిలబడ్డాను. మాస్కు దించి రాడ్ అంటించాడు. ఆ వెలుగుకి నేను ముఖం తిప్పుకోవలసివచ్చింది.

*

పరీక్షరోజు బయటినుంచి వచ్చిన పరీక్షకుడు అందరి పైపులూ ఏటవాలుగా బిగించి ఉన్నాయో లేదో చూసుకున్నాడు. పైపు చుట్టూ లోపలి వరస ముందు వేయాలి, తర్వాత మధ్యలో నింపాలి, చివరగా పైకి కనిపించే వరస. దాన్నే క్యాప్ అంటారు. మూడు గంటలయ్యేసరికి గంట కొడతారు. కంపెనీ మనిషి ఒకాయన చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతున్నాడు. నా బూత్ ముందు సార్ ఆయన చెవిలో ఏదో చెప్పారు. ఆయన తలాడించాడు.

లోపలి వరస అంత బాగా నాకెప్పుడూ రాలేదు. నింపడం కూడా కుదిరింది. డాక్టరమ్మ చెప్పినట్టే పొద్దున్నుంచి నీళ్ళు తాగుతున్నాను. రెండు గంటలైంది. పొత్తికడుపు బరువెక్కింది. ఇంకొక్క గంట. ఒక గంటని ఎలా దాటాలో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. ఉమ్మి మింగి ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నాలుగు దాకా వచ్చాను.

రాడ్ పట్టే హోల్డర్‌ని కొక్కేనికి తగిలించి, మాస్కు ఎత్తి బయటికొచ్చాను.

"బాత్రూమ్‌కి వెళ్ళాలండీ," అన్నాను పరీక్షకుడితో. షెడ్డులో అందరికీ వినిపించింది.

"టైము ఆగదమ్మా."

"తెలుసండీ."

గుమాస్తా సీట్లో లేడు. వచ్చినవాళ్ళకి టీ పట్టుకెళ్ళాడట. ఆయన్ని వెతికి పట్టుకుని తాళంచెవి తీసుకుని, వెళ్ళి, తిరిగివచ్చేసరికి తొమ్మిది నిమిషాలైంది. పైపు చల్లారిపోయింది. ఆగినచోట గ్రైండర్‌తో సరిచేసుకుని మళ్ళీ మొదలుపెట్టాను. గంట కొట్టేసరికి రెండు వేళ్ళ మేర క్యాప్ మిగిలిపోయింది.

పాసయ్యాను. జాబితాలో నా పేరు లేదు. తొమ్మిదిమంది పేర్లున్నాయి, వాటిలో పొగగొట్టం పేరు ఉంది. సార్ నా పైపు చేత్తో తిప్పి తిప్పి చూశారు. "నువ్వేనా? ఒక్క గంట ఓర్చుకోలేకపోయావా? నీకు దాహమే లేదనుకున్నానే!" ఆయనకి నిజంగా బాధగా ఉంది. నేను ఓదార్చలేదు.

ఇంటికెళ్ళేసరికి అమ్మ రేపటి యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. నా ముఖం చూసి ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"రాలేదా?"

"లేదు. రెండు వేళ్ళు మిగిలింది."

"ఎందుకు మిగిలింది?"

"మధ్యలో బాత్రూమ్‌కి వెళ్ళాను."

"ఆపుకోలేకపోయావా?"

"ఆపుకోగలిగేదాన్నే. ఆపుకోలేదు."

అమ్మ చొక్కా తిరగేసి కాలరు మీద పెట్టె నొక్కింది. నొక్కి అలాగే ఉంచింది. కాలిన వాసన వచ్చేదాకా తీయలేదు. ఆ వారమంతా మా మధ్య అన్నం పెట్టనా, తలుపేసుకో, వస్తున్నా తప్ప ఇంకో మాట లేదు. డిపోలో అందరికీ ఆమె చెప్పుకున్న మాట ఒకటుంది, దాన్ని ఎలా వెనక్కి తీసుకుందో నేను అడగలేదు.

*

ఎంపికైనవాళ్ళు వెళ్ళిపోయారు. పొగగొట్టం వెళ్ళేముందు షెడ్డుకి వచ్చాడని తర్వాత తెలిసింది, నేను ఆఫీసు వైపు వెళ్ళిన సమయంలోనే. మిగిలినవాళ్ళు సెలవులిచ్చారని ఊళ్ళకి పోయారు. వచ్చే పరీక్షకి సాధన చేసుకుంటానని అడిగి నేనొక్కదాన్నే రోజూ వెళ్ళేదాన్ని. ఇరవై రెండు బూత్‌లలో ఒకదానిలో వెలుగు. పదింటికి, పన్నెండింటికి, రెండింటికి ఆవరణ దాటేదాన్ని. ఇప్పుడు గోడ దగ్గర ఎవరూ లేరు. ఎవరైనా అరిస్తే బాగుండునని ఒకరోజు అనిపించింది.

మొదటి వాన పడిన మర్నాడు పొద్దున అమ్మ ఒక కాగితం నా ముందు పెట్టింది. డిపోనుంచి వచ్చిన మెమో. రెండో ట్రిప్పులో పెట్రోల్ బంకు దగ్గర ప్రయాణికులు నిండుగా ఉన్న బస్సును కండక్టర్ పది నిమిషాలు నిలిపివేసినట్టు ఫిర్యాదు అందింది, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలసింది.

"నీ చేతిరాత బాగుంటుంది. రాసిపెట్టు," అంది.

నేను కాగితం రెండుసార్లు చదివాను. బంకులో ఏముంటుందో నాకు తెలుసు. తలెత్తి ఆమెవైపు చూడాలనుకున్నాను గానీ ఆమె జడ వేసుకుంటూ గోడవైపు తిరిగింది.

"కారణం దగ్గర ఏం రాయను? ఒంట్లో బాగోలేక అని రాయనా?"

"ఒంట్లో బానే ఉంది."

"అత్యవసర పని మీద..."

"ఏం పనని అడుగుతారు. మూత్రానికి వెళ్ళానని రాయి."

రాశాను.

"పది నిమిషాలు కాదు, ఆరు. డ్రైవర్ గడియారం చూశాడు. ఆరు అని రాయి."

రాశాను. ఏ సంజాయిషీకైనా చివర ఉండే వాక్యం ఒకటుంది. ఇంతకుముందు ఆమెకి రాసిపెట్టిన ప్రతిదానిలోనూ అదే రాశాను కాబట్టి చెయ్యి దానంతటదే కదిలింది. ఇకమీదట ఇటువంటిది జరగకుండా చూసుకుంటానని...

అమ్మ నా భుజం మీదనుంచి వంగి చదువుతోందని అప్పుడు గమనించాను. జడ సగంలో ఆగిపోయి ఉంది.

"అది కొట్టెయ్యి," అంది.

కొట్టేశాను. కొట్టేసినచోట పక్కన ఒక సంతకం, అడుగున ఒక సంతకం పెట్టాలి. రెండూ పెట్టి, కాగితం మడిచి జేబులో వేసుకుని, టికెట్ మిషన్ సంచి భుజానికి తగిలించుకుని అమ్మ డ్యూటీకి వెళ్ళిపోయింది.